ఒంటికి అంటించే పరారుణ ప్యాచ్: కిరణం ఎంత, వెచ్చదనం ఎంత?

బ్యాటరీ ఉండదు, తీగ ఉండదు, మందు పూత కూడా ఉండదు. వట్టి గుడ్డముక్క, దానికి ఒకవైపు జిగురు. మోకాలికో నడుముకో అంటించుకుంటే "మీ ఒంటి వేడినే పట్టుకుని ఫార్ ఇన్‌ఫ్రారెడ్ కిరణాలుగా మార్చి తిరిగి మీ కండరాల లోతుల్లోకి పంపుతుంది" అని పెట్టె మీద ఉంటుంది. ఈ మాటలో సగం నిజమే. చిక్కంతా ఆ సగంతోనే. అబద్ధమైన సగాన్ని కొట్టేయడం తేలిక. నిజమైన సగం ఎంత చిన్నదో తేల్చాలంటే మాత్రం కొంచెం లెక్క వేయాలి. ఆ లెక్క వేశాక, ఇలాంటి ప్యాచ్‌ను తయారుచేసేవాళ్లు బుర్ర ఎక్కడ పెట్టాలో కూడా తెలుస్తుంది. ఆ చోటు సాధారణంగా ప్రకటనలు వేలు చూపించే చోటు కాదు.

ఎరుపు రంగుకు అవతల కంటికి కనిపించని కిరణాలున్నాయని విలియం హెర్షెల్ 1800లో థర్మామీటర్లతో కనిపెట్టాడు. ఆ పరారుణ (ఇన్‌ఫ్రారెడ్) పట్టీ చాలా వెడల్పయినది. అంతర్జాతీయ ప్రకాశ సంఘం లెక్కలో 3 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) నుంచి ఒక మిల్లీమీటరు తరంగదైర్ఘ్యం దాకా ఉన్నది దాని చివరి భాగం. ప్యాచ్‌ల వ్యాపారంలో ‘ఫార్ ఇన్‌ఫ్రారెడ్’ అంటే ముఖ్యంగా ఇందులోని 4 నుంచి 14 మైక్రాన్ల ముక్క. ఆ ముక్కను ఎంచుకోవడానికి కారణం లేకపోలేదు. ఉష్ణోగ్రత ఉన్న ప్రతి వస్తువూ వికిరణం చేస్తుంది. ఆ వికిరణం ఏ తరంగదైర్ఘ్యం దగ్గర శిఖరానికి చేరుతుందో వీన్ నియమం చెబుతుంది. చర్మం 33 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంటే శిఖరం సుమారు 9.5 మైక్రాన్ల వద్ద వస్తుంది. అంటే ఫార్ ఇన్‌ఫ్రారెడ్ వెదజల్లడానికి ప్రత్యేకమైన వస్తువేదీ అక్కర్లేదు. మీరు వెదజల్లుతున్నారు, మీ కుర్చీ వెదజల్లుతోంది, గోడలూ వెదజల్లుతున్నాయి.

ఎంత వెదజల్లుతున్నారంటే, ఉష్ణోగ్రతను బట్టి మొత్తం వికిరణం ఎంతో చెప్పే స్టెఫాన్–బోల్ట్జ్‌మన్ సూత్రంలో 33 డిగ్రీలు వేసి చూస్తే చదరపు మీటరుకు దాదాపు 490 వాట్లు వస్తుంది. పది సెంటీమీటర్ల చదరం తీసుకుంటే సుమారు 5 వాట్లు. ఈ అంకె విని ఎవరికైనా ఆశ పుడుతుంది. కానీ గది గోడలు 25 డిగ్రీల దగ్గర ఉంటే అదే చదరానికి దాదాపు 4.4 వాట్లు తిరిగి పంపుతాయి. మిగిలే నికర నష్టం అర వాటు. వికిరణం గురించి మాట్లాడేటప్పుడు వెళ్లేదాన్ని మాత్రమే లెక్కపెట్టి, వచ్చేదాన్ని వదిలేస్తే ఏ గుడ్డముక్కయినా హీటర్‌లా కనిపిస్తుంది. ఈ రంగంలో సగం గందరగోళానికి మూలం ఇదే.

ఇక సిరామిక్ పొడి సంగతి. అల్యూమినా, సిలికా, జిర్కోనియా, టైటానియా, మెగ్నీషియం ఆక్సైడ్, టూర్మలిన్, వెదురు బొగ్గు: వీటిలో ఒకటో రెండో కలిపి మెత్తగా నూరి దారంలోకో పూతలోకో ఎక్కిస్తారు. ఇవి పరారుణాన్ని బాగా పీల్చుకుని బాగా విడుదల చేస్తాయన్నది నిజం. సిలికాలో సిలికాన్–ఆక్సిజన్ బంధం కంపించే పౌనఃపున్యం దాదాపు 9 మైక్రాన్ల దగ్గర పడుతుంది, సరిగ్గా ఒంటి వికిరణ శిఖరం పక్కనే. ఈ గుణాన్ని కొలిచే అంకె ఉద్గారత. తన మీద పడిన వికిరణాన్నంతా పీల్చుకునే పరిపూర్ణ కృష్ణవస్తువుకు అది 1, అంతకు మించి ఉండదు. అయితే మామూలు నూలు, పాలియెస్టర్ బట్టల ఉద్గారతే 0.8, 0.9 దరిదాపుల్లో ఉంటుంది. మనిషి చర్మానిది 0.98. రంగు ఏదైనా అంతే, ఎందుకంటే ఈ తరంగదైర్ఘ్యాల్లో చర్మాలన్నీ నలుపే. కాబట్టి సిరామిక్ చేయగలిగిన పని 0.85ను 0.95 చేయడం వంటిది. మెట్ల మీద చివరి అడుగు అది, మేడ ఎక్కించడం కాదు.

పైగా కిర్కాఫ్ 1859లో చెప్పిన నియమం ఒకటి అడ్డు నిలుస్తుంది: ఒక తరంగదైర్ఘ్యం దగ్గర ఎంత బాగా విడుదల చేస్తుందో, ఏ వస్తువైనా అక్కడ అంతే బాగా పీల్చుకుంటుంది. ప్యాచ్, చర్మం ఒకే ఉష్ణోగ్రత దగ్గర ఉంటే ఇటు వచ్చేది, అటు పోయేది సమానం. ఉద్గారత ఎంత పెంచినా నికరం సున్నా. నిజానికి ప్యాచ్ బయటి గాలికి దగ్గరగా ఉంటుంది కనుక చర్మం కన్నా ఒకింత చల్లగానే ఉంటుంది. అప్పుడు నికర ప్రవాహం చర్మం నుంచి ప్యాచ్‌లోకే. చర్మం కన్నా చల్లగా ఉన్న గుడ్డ, బయటి శక్తి ఏదీ లేకుండా, చర్మానికి నికరంగా వేడి ఇవ్వడమంటే ఉష్ణగతిక శాస్త్రపు రెండో నియమాన్ని కాదనడమే.

జిగురు వచ్చాక మారిపోయే ఆట

ఇక్కడిదాకా చెప్పింది ఏ ఫార్ ఇన్‌ఫ్రారెడ్ బట్టకైనా వర్తిస్తుంది. అంటుకునే ప్యాచ్‌కు మరో మెలిక ఉంది. దాన్ని పట్టించుకున్న వాళ్లు తక్కువ.

వదులుగా వేసుకున్న చొక్కాకూ ఒంటికీ మధ్య గాలి పొర ఉంటుంది. అక్కడ వికిరణానికి కొంత పాత్ర ఉంది. ప్యాచ్‌ను మాత్రం జిగురుతో చర్మానికి అతికిస్తాం. జిగురు పొర మందం 50 మైక్రాన్లు అనుకుందాం, ఉష్ణవాహకత మీటరుకు డిగ్రీకి 0.2 వాట్లు. అప్పుడు ఆ పొర గుండా వహనం ద్వారా, అంటే నేరుగా తాకిడి వల్ల, వేడి పారే సౌలభ్యం, చదరపు మీటరుకు డిగ్రీ తేడాకు 4,000 వాట్లు. అదే ఉష్ణోగ్రతల దగ్గర వికిరణానికి ఉన్న సౌలభ్యం, ఉద్గారత 1 అనుకున్నా సరే, 6.5 వాట్లు. ఆరు వందల రెట్ల తేడా. నది పక్కన చెంచాతో నీళ్లు తోడుతున్నట్టు ఉంటుంది ఆ కిరణం పని.

"జిగురు అంతటా పూయం, చుక్కలుగానో అలలుగానో పూస్తాం, మధ్యలో సిరామిక్ చర్మానికి ఎదురుగా ఉంటుంది" అని తయారీదారు అనవచ్చు. సరే, మధ్యలో 0.1 మిల్లీమీటరు గాలి పొర మిగిలిందనుకుందాం. గాలి వేడిని పేలవంగా మోస్తుంది, అయినా అంత పలచని పొరలో దాని సౌలభ్యం 260 వాట్లు. వికిరణం కన్నా నలభై రెట్లు. వికిరణం, వహనం సమానం కావాలంటే చర్మానికీ గుడ్డకూ మధ్య దాదాపు 4 మిల్లీమీటర్ల ఖాళీ ఉండాలి. నాలుగు మిల్లీమీటర్లు ఎడంగా ఉన్నదాన్ని అంటుకున్న ప్యాచ్ అని ఎవరూ అనరు.

సిరామిక్ వల్ల వచ్చే తేడాను వాట్లలో చెప్పాలన్నా చెప్పొచ్చు. చర్మం, ప్యాచ్‌ల మధ్య ఒక డిగ్రీ తేడా ఉండి, ఉద్గారత 0.85 నుంచి 0.95కు పెరిగితే పది సెంటీమీటర్ల చదరం మీద వికిరణ ప్రవాహంలో మార్పు ఆరున్నర మిల్లీవాట్లు. అదీ వెచ్చని వైపు నుంచి చల్లని వైపుకు, అంటే చర్మం నుంచి బయటికి.

మరో విషయం. అక్రిలిక్ జిగురులో కార్బన్–ఆక్సిజన్ బంధాలు బోలెడు. అవి 5.8 మైక్రాన్ల దగ్గరా, 8, 9 మైక్రాన్ల ప్రాంతంలోనూ పరారుణాన్ని గట్టిగా మింగేస్తాయి. సిరామిక్ దారం నుంచి బయల్దేరిన కిరణంలో పెద్ద భాగం జిగురులోనే ఆగిపోతుంది. చర్మం ‘చూసేది’ జిగురును. ఖరీదైన పొడి దాని వెనకాల దాక్కుని ఉంటుంది.

లోతుకు వెళ్లడం అనే మాట

కిరణాలు చర్మం కింద అంగుళాల లోతుకు దిగుతాయన్న ప్రచారం వేరే రకం. 10 మైక్రాన్ల దగ్గర నీరు పరారుణాన్ని ఎంత బలంగా పీల్చుకుంటుందంటే, పదిహేను ఇరవై మైక్రాన్లలో దాని తీవ్రత మూడో వంతుకు పడిపోతుంది. చర్మపు పైపొర, అదీ నిర్జీవ కణాల పొర, దాదాపు అంతే మందం. దీనికి సాక్ష్యం ఆపరేషన్ థియేటర్లలోనే ఉంది. 10.6 మైక్రాన్ల కార్బన్ డయాక్సైడ్ లేజర్‌ను సర్జన్లు వాడేది ఇందుకే: శక్తంతా పైపైన పలచని పొరలోనే ఆగిపోతుంది, కింది కణజాలం చాలావరకు క్షేమంగా ఉంటుంది. అంత తీవ్రమైన లేజర్ కిరణమే నేరుగా లోతుకు దిగలేనప్పుడు గుడ్డముక్క నుంచి వచ్చే కిరణం కండరాన్ని చేరదు. పైన పుట్టిన వేడి వహనం వల్లా రక్తప్రసరణ వల్లా కొంత లోపలికి పోతుంది, నిజమే. కానీ ఆ పని వేడినీళ్ల సంచీ కూడా చేస్తుంది.

ఇక్కడే మరో కలగాపులగం జరుగుతుంటుంది. ఎరుపు, సమీప పరారుణ కాంతితో చేసే ఫోటోబయోమాడ్యులేషన్ అనే పరిశోధనా రంగం ఉంది. 600 నుంచి 1,000 నానోమీటర్ల కాంతి కణాల్లో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియాలోని సైటోక్రోమ్ సి ఆక్సిడేజ్ అనే ఎంజైమ్ మీద పనిచేస్తుందన్నది అక్కడి ప్రధాన ప్రతిపాదన. ఆ అధ్యయనాలను తీసుకొచ్చి ఫార్ ఇన్‌ఫ్రారెడ్ ప్యాచ్‌ల కరపత్రాల్లో అతికిస్తారు. 810 నానోమీటర్ల ఫోటాన్ శక్తి 1.5 ఎలక్ట్రాన్ వోల్టులు. 10 మైక్రాన్ల ఫోటాన్‌ది 0.12. మొదటిది ఎలక్ట్రాన్‌ను పై మెట్టుకు తోయగలదు. రెండోది అణువును కాస్త ఊపుతుంది, అంటే వేడిచేస్తుంది. రెండూ పరారుణమే అన్నంత మాత్రాన ఒకదాని రుజువు ఇంకోదానికి చెల్లదు.

హీమోడయాలిసిస్ (యంత్రంతో రక్తశుద్ధి) రోగుల ఫిస్టులా మీద, అంటే అందుకోసం ధమనినీ సిరనూ కలిపిన చోట, జరిగిన ఫార్ ఇన్‌ఫ్రారెడ్ ప్రయోగాలను కూడా ఇలాగే ఉదహరిస్తారు. 2007లో తైవాన్ నుంచి వచ్చిన పరిశోధనలో వాడింది కరెంటుతో నడిచే దీపం. చర్మానికి 25 సెంటీమీటర్ల దూరంలో పెట్టి, ఒక్కోసారి 40 నిమిషాల పాటు, వారానికి మూడుసార్లు ఇచ్చారు. బయటి నుంచి శక్తి వచ్చే దీపానికీ, ఒంటి వేడి తప్ప మరో ఆధారం లేని గుడ్డకూ పోలిక లేదు. గుడ్డలు, ప్లాస్టర్ల మీదా చిన్న పరీక్షలు జరిగాయి. 2012లో ఇటలీ నుంచి మోకాలి ఆస్టియో ఆర్థ్రైటిస్ (కీళ్ల అరుగుదల) మీద సింగిల్ బ్లైండ్ పరీక్ష, అంటే ఎవరికి ఏది ఇచ్చారో ఒక పక్షానికి తెలియని పరీక్ష, ఒకటి వచ్చింది. నొప్పి తగ్గిందనే ఇలాంటి ఫలితాలను కొట్టిపారేయనక్కర్లేదు. తగ్గించింది కిరణమేనా అన్నదే ప్రశ్న.

మరి డిజైన్ ఎక్కడ మొదలుపెట్టాలి?

బయటి ముఖం దగ్గర. ప్యాచ్ వెచ్చగా ఉంచాలంటే లోపలి ఉద్గారత పెంచడం కన్నా బయటి ఉద్గారత తగ్గించడం ఎన్నో రెట్లు పనిచేస్తుంది. ప్యాచ్ బయటి ముఖం 32 డిగ్రీలు, గది 22 డిగ్రీలు అనుకుంటే, ఉద్గారత 0.9 ఉన్న గుడ్డ వికిరణంగా చదరపు మీటరుకు 55 వాట్లు పోగొట్టుకుంటుంది. 0.1 ఉంటే 6 వాట్లే. గాలి కదలిక (సంవహనం) వల్ల రెండింటికీ సుమారు 35 వాట్లు పోతుంది. మొత్తం మీద నష్టం దాదాపు సగానికి దిగుతుంది. ఇందులో విడ్డూరం ఏమిటంటే, సిరామిక్ పొడిని దారమంతటా కలిపితే బయటి ముఖం ఉద్గారత కూడా పెరుగుతుంది. అంటే వెచ్చదనం కోసమని కొన్న పదార్థం లెక్క ప్రకారం ప్యాచ్‌ను కాస్త చల్లబరుస్తుంది.

ఇది కాగితం లెక్క మాత్రమే కాదు. స్టాన్‌ఫర్డ్‌లో యీ సుయి బృందం 2017లో రెండు ముఖాల బట్ట ఒకటి చూపించింది. ఒకవైపు కార్బన్ పూత, ఉద్గారత 0.9. రెండోవైపు రాగి పూత, 0.3. ఏ ముఖాన్ని బయటికి తిప్పితే దాన్నిబట్టి అదే బట్ట చల్లగానో వెచ్చగానో ఉంచుతుంది. దానికి ఏడాది ముందు, 2016లో, అదే బృందం సూక్ష్మ రంధ్రాల పాలిథిలిన్ పొరతో ఒంటి పరారుణాన్ని బయటికి వదిలేసే బట్ట చేసింది. అది నూలుబట్ట కన్నా చర్మాన్ని రెండు డిగ్రీలకు పైగా చల్లగా ఉంచింది. పాలిథిలిన్‌లో కార్బన్–హైడ్రోజన్ బంధాలు తప్ప పెద్దగా ఏమీ లేవు కాబట్టి ఒంటి వికిరణానికి అది దాదాపు గాజు కిటికీ.

అందుకని ప్యాచ్ మీద అల్యూమినియమో వెండో పూస్తే సరిపోతుందా అంటే, అక్కడ మూడు ఇబ్బందులున్నాయి. లోహం మీద రక్షణకని పాలిమర్ వార్నిష్ వేస్తే, కొద్ది మైక్రాన్ల మందమైనా సరే, ఉద్గారత మళ్లీ పైకి పోతుంది. నునుపైన రేకు మీద వచ్చినంత తక్కువ అంకె గరుకైన నేత మీద రాదు. ఇక ప్యాచ్ మీద దుస్తులు నొక్కుకుని కూర్చుంటే లోహం చూసే గాలి ఖాళీయే ఉండదు, మళ్లీ వహనమే రాజ్యమేలుతుంది. మోకాలి వెనకా, మెడ మీదా, వదులు దుస్తుల కిందా లాభం ఉంటుంది. బిగుతు దుస్తుల కింద లోహం అలంకారమే. అక్కడ కాస్త గాలిని పట్టి ఉంచే మందమైన అల్లిక మెరుగు. లోహపు పొర ఆవిరిని కూడా ఆపకూడదు కాబట్టి దాన్ని చుక్కలుగా అచ్చు వేయాలి, లేదా రంధ్రాలు వదలాలి.

ఆవిరి మాట వచ్చింది కనుక, నా దృష్టిలో ఈ ప్యాచ్‌ల జీవితం అక్కడే తేలుతుంది. విశ్రాంతిగా ఉన్న ఆరోగ్యవంతమైన ముంజేతి చర్మం గంటకు చదరపు మీటరుకు 5 నుంచి 10 గ్రాముల నీటిని కంటికి కనపడకుండా వదులుతుంది. చెమట పడితే అది ఎన్నో రెట్లు పెరుగుతుంది. ప్యాచ్ అంత ఆవిరిని దాటనివ్వకపోతే చర్మం నాని తెల్లబడుతుంది, జిగురు వదులవుతుంది, దురద మొదలవుతుంది. గుడ్డ తడిస్తే దానిలో గాలి ఉండాల్సిన చోట నీరు చేరి, నీరు గాలి కన్నా ఇరవై రెట్లకు పైగా వేడిని మోస్తుంది కాబట్టి, వెచ్చదనం కోసం చేసిన ప్యాచ్ చల్లటి పట్టీ అయిపోతుంది. అందుకే క్రీడాకారులు కండరాల మీద అంటించుకునే కినిసియాలజీ టేపుల్లో చేసినట్టు జిగురును అలల వరుసల్లో పూయడం తెలివైన పని. ఆ వరుసలు సిరామిక్‌కు దారి ఇస్తాయని కాదు, చెమటకు దారి ఇస్తాయని.

జిగురు ఎంపికలో రాజీ తప్పదు. మెడికల్ అక్రిలిక్ రోజుల తరబడి పట్టి ఉంటుంది, సమయం గడిచేకొద్దీ పట్టు పెరుగుతుంది కూడా. తీసేటప్పుడు చర్మపు పైపొరను లాక్కొస్తుంది. సిలికాన్ జిగురు మెత్తగా ఊడుతుంది, పెద్దవాళ్ల పలచని చర్మానికి అదే క్షేమం, కానీ ధర ఎక్కువ, చెమటలో పట్టు తక్కువ. హైడ్రోకొల్లాయిడ్ అనే జెల్ లాంటి జిగురు తేమను పీల్చుకుంటుంది, అయితే మందంగా ఉంటుంది, కదిలే కీలు మీద అంచులు లేస్తాయి. కీళ్ల మీద వాడే ప్యాచ్‌కు గుడ్డ చర్మంతోపాటు సాగాలి. సాగని గుడ్డ అయితే ప్రతి కదలికా జిగురు అంచు మీద కోతగా పడుతుంది, బొబ్బలు అక్కడే వస్తాయి. మూలలు గుండ్రంగా కత్తిరించడం అందానికి కాదు, చొక్కా అంచు తగిలి లేవకుండా ఉండటానికి.

పొడిని దారంలో కలపాలా, గుడ్డ మీద అచ్చు వేయాలా అన్నది ఫ్యాక్టరీ ప్రశ్న. పాలియెస్టర్ దారం పది పదిహేను మైక్రాన్ల మందం ఉంటుంది కాబట్టి లోపల కలిపే పొడి రేణువు ఒక మైక్రాన్ లోపు ఉండాలి. లేకపోతే దారం తెగుతుంది, దారం తీసే జల్లెడ రంధ్రాలు పూడిపోతాయి. అల్యూమినా లాంటి గట్టి పొడి యంత్ర భాగాలను అరగదీస్తుంది కూడా. అచ్చు వేయడం చవక, కానీ పొడిని పట్టి ఉంచే బైండర్ గుడ్డను బిరుసు చేస్తుంది.

పొడి విషయంలో ఒకచోట మాత్రం రాజీ కూడదు. ‘నెగటివ్ అయాన్’ పేరుతో అమ్మే కొన్ని ఖనిజపు పొడుల్లో మోనజైట్ ఉంటుంది, అంటే రేడియోధార్మిక మూలకాలైన థోరియం, యురేనియం. దక్షిణ కొరియాలో 2018లో ఇలాంటి పొడి వాడిన పరుపుల నుంచి రాడాన్ అనే రేడియోధార్మిక వాయువు వెలువడుతోందని తేలి పెద్ద దుమారమే రేగింది. 2021 డిసెంబరులో నెదర్లాండ్స్ అణు భద్రతా సంస్థ రేడియోధార్మికత ఉన్న లాకెట్లు, కంకణాల వంటి పది వస్తువుల అమ్మకాన్ని నిషేధించింది. రోజుల తరబడి ఒంటికి అంటుకుని ఉండే ప్యాచ్‌లోకి వెళ్లే ప్రతి పొడి బస్తాకూ గామా కిరణాల కొలత తీయించడం ఖర్చు కాదు, కనీస మర్యాద. ఆ తర్వాతే వైద్య పరికరాల భద్రతకు ఉన్న ఐఎస్ఓ 10993 ప్రమాణం కింద కణ విషత్వం, చర్మపు చికాకు, అలెర్జీ పరీక్షలు.

కొలతల గురించి ఒక మాట. ఫార్ ఇన్‌ఫ్రారెడ్ బట్టలకు ప్రమాణాలున్నాయి. చైనా 2013 ప్రమాణం మామూలు బట్టకు ఉద్గారత కనీసం 0.88 ఉండాలనీ, పరారుణ దీపం కింద పెట్టినప్పుడు ఉష్ణోగ్రత కనీసం 1.4 డిగ్రీలు పెరగాలనీ అడుగుతుంది. పరీక్ష సక్రమమైనదే, కొలిచేది కూడా నిజంగానే కొలుస్తుంది. కానీ దీపం కింద వేడెక్కడమంటే దీపం నుంచి బాగా పీల్చుకోవడం. చీకటి గదిలో దుప్పటి కింద పడుకున్న మనిషి మోకాలి మీద ఆ దీపం లేదు. ఈ ధ్రువపత్రాన్ని ‘వైద్యపరంగా రుజువైంది’ అనే మాట పక్కన అచ్చు వేయడం పాఠకుణ్ణి పక్కదారి పట్టించడమే.

నొప్పి మీద నిజంగా ఏం జరుగుతోందో తెలియాలంటే పరీక్షను మూడు గుంపులతో చేయాలి. ఒక గుంపుకు సిరామిక్ ప్యాచ్. రెండో గుంపుకు అదే నేత, అదే జిగురు, అదే మందం, అదే రంగు, సిరామిక్ మాత్రం లేదు. మూడో గుంపుకు సిరామిక్ లేకుండా బయట లోహపు చుక్కలున్నది, అవి కంటికి కనపడకుండా పైన పలచని సూక్ష్మ రంధ్రాల పాలిథిలిన్ పొరతో. అదే పొర మిగతా రెండింటికీ వేయాలి. ప్రతి ప్యాచ్ కింద చర్మం ఉష్ణోగ్రతను సన్నని థర్మిస్టర్‌తో రాత్రంతా నమోదు చేయాలి. ప్యాచ్ ఉన్నవాళ్లను ఏ ప్యాచ్ లేనివాళ్లతోనో, వేరే రకం గుడ్డ పెట్టుకున్నవాళ్లతోనో పోల్చారనుకోండి. అప్పుడు వెచ్చదనం, చర్మం మీద లాగినట్టుండే స్పర్శ, నమ్మకం, కిరణం అన్నీ ఒకే ఖాతాలో పడిపోతాయి. వెచ్చదనం ఒక్కటే నడుము నొప్పికి కొంత ఉపశమనం ఇస్తుందనడానికి ఆధారాలున్నాయి. ఇనుప పొడి గాలితో కలిసి వేడెక్కే పట్టీలు చర్మాన్ని 40 డిగ్రీల దగ్గర గంటల తరబడి ఉంచి ఆ ఫలితం చూపించాయి. ఒంటి వేడితోనే నడిచే ప్యాచ్ శరీరపు లోపలి 37 డిగ్రీలను ఎప్పటికీ దాటలేదు. కాబట్టి మొదటి రెండు గుంపుల ఫలితాలు ఒకేలా వచ్చి, మూడో గుంపు కాస్త మెరుగ్గా ఉంటే, తయారీదారు చేయాల్సింది పొడి సరఫరాదారును మార్చడం కాదు, పొడినే మానేయడం.